డింభక దశ – ప్రౌఢ జనాభా: బార్నకిల్ నేర్పే పాఠం

ఒక ప్రాంతంలో ఒక జీవజాతి సంఖ్య ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తరుగుతుంది అనేది జీవావరణ శాస్త్రంలోని మూల ప్రశ్నలలో ఒకటి. నేలమీది జంతువుల విషయంలో ఈ ప్రశ్నకు సమాధానం కొంత సులభం. ఒక మేకల మందలో ఈ సంవత్సరం పుట్టిన పిల్లలను కూడి, చనిపోయినవాటిని తీసివేస్తే, వచ్చే సంవత్సరం మంద ఎంత ఉంటుందో చెప్పవచ్చు. అక్కడ తల్లి ఉన్నచోటనే పిల్ల ఉంటుంది. జననమూ మరణమూ మన కళ్ళ ఎదుటనే జరుగుతాయి.

సముద్రపు అకశేరుకాలలో అధిక భాగానికి ఈ లెక్క చెల్లదు. పీత, రొయ్య, ఆల్చిప్ప, సముద్ర నక్షత్రం, పగడపు జీవి మొదలైనవాటి పిల్లలు పుట్టిన వెంటనే తల్లిని విడిచి, నీటి ప్రవాహాలలో కొట్టుకొనిపోతాయి. ఈ రోజు ఒక రాతిమీద కనిపించే జీవి ఎక్కడో దూరాన ఉన్న మరొక రాతిమీది తల్లికి పుట్టి ఉండవచ్చు. ఆ రాతిమీది తల్లులు ఎన్ని గుడ్లు పెట్టినా, వాటిలో ఒక్కటి కూడా అదే రాతికి తిరిగి రాకపోవచ్చు. మరి అటువంటి జీవుల సంఖ్యను నిర్ణయించేది ఏది? రాతిమీద జరిగే జీవన పోరాటమా, లేక అంతకుముందు నీటిలో గడచిన బాల్యమా? ఈ ప్రశ్నను బార్నకిల్ అనే ఒక చిన్న జీవి ఆధారంగా పరిశీలించటమే ఈ వ్యాసపు ఉద్దేశం.

డింభకం అనగానేమి?

గుడ్డునుండి వెలువడి, ప్రౌఢజీవితో రూపంలోను, ఆహారంలోను, నివాసంలోను భిన్నంగా ఉండే దశను డింభకం అంటారు. గొంగళిపురుగు సీతాకోకచిలుకకు డింభకం. తోకకప్ప కప్పకు డింభకం. డింభకం ప్రౌఢజీవిగా మారే ప్రక్రియయే రూపవిక్రియ.

సముద్రపు డింభకాలలో ముఖ్యంగా రెండు రకాలున్నవి. మొదటి రకానివి నీటిలో తేలే సూక్ష్మ ప్లవకాలను తింటూ రోజుల తరబడి, కొన్ని వారాల తరబడి తిరుగుతాయి. ఇట్టి జాతులలో తల్లి చిన్న చిన్న గుడ్లను లక్షల సంఖ్యలో విడుస్తుంది. రెండవ రకానివి గుడ్డులోని సొనపైననే ఆధారపడి, కొద్ది కాలంలోనే స్థిరపడతాయి. ఇక్కడ గుడ్లు పెద్దవి, వాటి సంఖ్య తక్కువ. మొదటిది విస్తారంగా వెదజల్లే పద్ధతి. రెండవది పొదుపుగా నాటే పద్ధతి. డెన్మార్కు దేశపు శాస్త్రవేత్త గున్నార్ థోర్సన్ 1950లో ప్రకటించిన సుదీర్ఘ వ్యాసంలో ఈ విషయాలను సమీక్షించాడు. దీర్ఘకాలం ప్లవకాలుగా తిరిగే డింభకాలు గల జాతులలో ప్రౌఢ జనాభా ఏటేటా విపరీతంగా మారుతుందనీ, అట్టి దశ లేని జాతులలో ఎక్కువ నిలకడ ఉంటుందనీ అతడు గుర్తించాడు. మన విషయానికి ఇదే తొలిమెట్టు.

సైనిక వైద్యుని వల

బార్నకిల్‌ను చూడనివారు అరుదు. పేరు తెలిసినవారు మాత్రం తక్కువ. రేవు స్తంభాలకు, పడవల అడుగు భాగానికి, తీరపు రాళ్ళకు అంటుకొని, చిన్న అగ్నిపర్వతం ఆకారంలో, అంచులు చేతికి గీసుకొనే తెల్లని సున్నపు గుల్లలే బార్నకిళ్ళు. ఈ గుల్లను చూసి పూర్వపు శాస్త్రజ్ఞులు దీనిని నత్తలు, ఆల్చిప్పలు చేరిన మొలస్కా వర్గంలో ఉంచారు. సుప్రసిద్ధ ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియర్ అభిప్రాయం కూడా అదే.

ఈ పొరపాటును సరిదిద్దినది డింభకమే. ఐర్లండులోని కార్క్ ప్రాంతంలో పనిచేస్తున్న జాన్ వాన్ థాంప్సన్ అనే సైనిక వైద్యుడు పలుచని గుడ్డతో చేసిన వలను నీటిలో లాగి, అందులో చిక్కిన సూక్ష్మజీవులను గాజుపాత్రలలో పెంచి చూసేవాడు. 1826 వసంతకాలంలో అతనికి రెండు చిప్పల మధ్య ఒదిగి, చురుకుగా ఈదుతున్న చిన్న జీవులు దొరికాయి. కొద్ది రోజులకే అవి పాత్ర గోడకు అంటుకొని బార్నకిళ్ళుగా మారాయి! కాళ్ళతో ఈదే ఆ పిల్ల రొయ్యల, పీతల బంధువేనని స్పష్టమయింది. 1830లో ఈ సంగతి ప్రకటితమైన తరువాత బార్నకిల్ క్రస్టేషియా తరగతిలో చేరింది. చార్లెస్ డార్విన్ ఈ జీవులపై సుమారు ఎనిమిది సంవత్సరాలు శ్రమించి 1851, 1854 సంవత్సరాలలో బృహద్గ్రంథాలు వెలువరించాడు. ప్రౌఢజీవిని మాత్రమే చూసేవారికి జీవి స్వరూపం అర్థం కాదని నాడు తేలింది. జీవి సంఖ్య కూడా అర్థం కాదని తేలటానికి మరొక నూటయాభై సంవత్సరాలు పట్టింది.

బార్నకిల్ జీవిత చక్రం

బార్నకిల్ గుడ్లు తల్లి గుల్లలోనే పొదగబడతాయి. వాటినుండి నాప్లియస్ అనే డింభకం వెలువడి నీటిలోకి పోతుంది. దీనికి మూడు జతల ఉపాంగాలు, ఒక కన్ను ఉంటాయి. నాప్లియస్‌కు ఆరు దశలు. డయాటమ్‌ల వంటి సూక్ష్మ ప్లవకాలను తింటూ, చర్మం విడుస్తూ ఇది పెరుగుతుంది. వెచ్చని నీటిలోని కొన్ని జాతులకు ఈ ఆరు దశలూ వారం రోజుల లోపే పూర్తి కావచ్చు. చల్లని సముద్రాలలోని జాతులకు కొన్ని వారాలు పడుతుంది.

ఆరవ దశ తరువాత వచ్చేది సిప్రిస్ అనే డింభకం. థాంప్సన్ వలలో చిక్కినది ఇదే. ఇది ఆహారం తీసుకోదు. నాప్లియస్ దశలో దాచుకున్న కొవ్వే దీనికి దారిబత్తెం. ఆ బత్తెం తీరేలోగా ఇది తగిన చోటు వెతుక్కోవాలి. రాతిని చేరిన సిప్రిస్ తన స్పర్శకాలతో అడుగులు వేస్తున్నట్లు ఆ తలాన్ని తడిమి చూస్తుంది. నచ్చకపోతే మళ్ళీ ఈదిపోతుంది. నచ్చితే జిగురువంటి పదార్థాన్ని స్రవించి, తలను రాతికి అంటించుకుంటుంది. ఆ క్షణంనుండి మరణించేవరకు దానికి కదలిక లేదు. గుల్ల కట్టుకొని, తలక్రిందులుగా ఉండి, కాళ్ళతో నీటిని చెరిగి ఆహారం సంపాదించుకుంటుంది.

ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటున్నది. కదలలేని బార్నకిల్‌కు సాధారణంగా దగ్గరలోని పొరుగుజీవితోనే ఫలదీకరణ సాధ్యం. అందువల్ల ఒంటరిగా స్థిరపడినది బ్రతికినా దానికి సంతతి కలగటం కష్టం. కాబట్టి సిప్రిస్ తన జాతి పెద్దలు ఉన్నచోటనే, లేదా పూర్వం ఉన్నచోటనే, స్థిరపడటానికి మొగ్గు చూపుతుంది. ఈ గుంపుగా చేరే గుణాన్ని బ్రిటిష్ శాస్త్రవేత్త నైట్ జోన్స్ 1953లో వివరించాడు. పెద్దల గుల్లలలోని ఒక ప్రోటీను పదార్థమే దీనికి సంకేతమని తరువాతి పరిశోధనలు తెలిపాయి. డింభకం కొద్దిసేపటిలో చేసే ఎంపిక, ప్రౌఢజీవి జీవితమంతటికీ, దాని సంతతికీ నిర్ణయమవుతున్నదన్నమాట.

ఒక చిన్న లెక్క

డింభక దశలో జరిగే స్వల్పమైన మార్పు ప్రౌఢ సంఖ్యను ఎంతగా మార్చగలదో తెలుసుకొనేందుకు ఒక ఊహాజనితమైన లెక్క వేద్దాము. ఒక రాతిమీది తల్లులు 1,00,000 డింభకాలను విడుదల చేశాయనుకొందాము. రోజుకు నూటికి 10 వంతున చనిపోతే, 20 రోజుల తరువాత సుమారు 12,150 మిగులుతాయి. చలివల్లనో, ఆహారం కొరతవల్లనో పెరుగుదల మందగించి 20 రోజులకు బదులు 30 రోజులు పట్టిందనుకొందాము. అప్పుడు మిగిలేవి సుమారు 4,240 మాత్రమే. రోజువారీ మరణాలు నూటికి 10కి బదులు 15 అయితే 20 రోజులకు సుమారు 3,880, 30 రోజులకు సుమారు 760 మిగులుతాయి.

తల్లుల సంఖ్య మారలేదు. గుడ్ల సంఖ్య మారలేదు. మారినవి రెండే: రోజువారీ మరణాల రేటు, డింభక దశ నిడివి. అయినా 12,150 ఎక్కడ, 760 ఎక్కడ? పదహారు రెట్ల తేడా! ఇంకా మనము ప్రవాహాలవల్ల దారి తప్పిపోయేవాటిని లెక్కించనే లేదు. ప్రౌఢజీవులను ఎంత జాగ్రత్తగా లెక్కించినా రాబోయే సంవత్సరపు జనాభాను ఊహించలేకపోవటానికి కారణం ఇదే.

స్కాట్లండు రాయి చెప్పిన మాట

ఇక క్షేత్ర పరిశోధనలకు వద్దాము. అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ కానెల్ స్కాట్లండులోని కంబ్రే దీవి తీరంలో రెండు జాతుల బార్నకిళ్ళను పరిశీలించి 1961లో ఫలితాలు ప్రకటించాడు. ఆ రాళ్ళపై ఆటుపోట్ల మధ్యమేరలో పైభాగాన థామలస్ అనే చిన్న జాతి, క్రిందిభాగాన బలానస్ అనే పెద్ద జాతి కనిపిస్తాయి. థామలస్ డింభకాలు క్రిందిభాగంలో కూడా స్థిరపడతాయి. కాని అక్కడ పెద్దవి కానరావు. ఎందువల్ల?

కానెల్ కొన్ని రాతి భాగాలపై బలానస్‌లను ఏరివేసి చూశాడు. అక్కడ థామలస్‌లు క్రిందిభాగంలో కూడా చక్కగా బ్రతికాయి. ఏరివేయనిచోట వేగంగా పెరిగే బలానస్‌లు థామలస్‌లను కప్పివేసి, అడుగునుండి పెకలించి, నలిపివేశాయి. అనగా క్రింది హద్దును నిర్ణయిస్తున్నది చోటుకోసం జరిగే పోటీ. పై హద్దును నిర్ణయించేది ఎండ, ఆరుదల. ఈ ప్రయోగం పాఠ్యగ్రంథాలన్నింటికీ ఎక్కింది. సముద్రతీర జీవసమాజాన్ని నడిపించేది రాతిమీద జరిగే పోటీయే, శత్రుజీవుల వేటయే అనే అభిప్రాయం స్థిరపడింది. డింభకాల మాట వెనుకకు పోయింది; అవి ఎల్లప్పుడూ కావలసినన్ని వస్తూనే ఉంటాయని అందరూ అనుకున్నారు.

కాలిఫోర్నియా రాయి చెప్పిన మాట

1985లో స్టీవెన్ గేన్స్, జోనథన్ రఫ్‌గార్డెన్ అనే శాస్త్రవేత్తలు ఈ అభిప్రాయాన్ని ప్రశ్నించారు. కాలిఫోర్నియాలోని మాంటెరీ అఖాతపు తీరంలో మరొక బలానస్ జాతిని వారు వారాల తరబడి లెక్కించారు. డింభకాలు అధికంగా వచ్చే చోటును, తక్కువగా వచ్చే చోటును పోల్చి చూశారు.

డింభకాలు తక్కువగా వచ్చే చోట రాతిమీద ఎప్పుడూ ఖాళీ స్థలం ఉన్నది. బార్నకిళ్ళు ఒకదానినొకటి తాకను కూడా తాకవు. కాబట్టి పోటీ ప్రసక్తి లేదు. అక్కడ మరణాల రేటుకు, గుంపు ఒత్తిడికి సంబంధం కనపడలేదు. సంవత్సరంలోపల జనాభా పెద్దగా మారదు కాని, ఒక సంవత్సరానికీ మరొక సంవత్సరానికీ ఎంతో తేడా ఉంటుంది. ఆ తేడా ఆ ఏడు వచ్చిన డింభకాల తేడాయే.

డింభకాలు అధికంగా వచ్చే చోట పరిస్థితి వేరు. రాయి త్వరగా నిండిపోతుంది. నిండిన చోటికి సముద్ర నక్షత్రాలు వేటకు చేరుతాయి. అవి తినివేయగా ఖాళీ ఏర్పడి, మళ్ళీ కొత్త డింభకాలతో నిండుతుంది. సుమారు 30 వారాలకు ఒక ఆవృత్తిగా జనాభా ఎగసిపడుతూ ఉంటుంది. కాని సంవత్సరాల మధ్య తేడా స్వల్పం. ఒక ఏడు డింభకాలు కొంత తగ్గినా రాయి ఎట్లాగూ నిండుతుంది.

డింభకాలు ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా ఎందుకు వస్తాయి? ఆ తీరంలో వసంత, గ్రీష్మ ఋతువులలో వీచే గాలులవల్ల పైనీరు తీరంనుండి దూరంగా తొలగి, అడుగునుండి చల్లని నీరు పైకి ఉబుకుతుంది. పైనీటితోపాటు డింభకాలు కూడా దూరమయ్యే అవకాశమున్నది. గాలి సడలినప్పుడు తిరిగి వస్తాయి. తరువాతి పరిశోధనలు దీనికి ఒక ముఖ్యమైన సవరణ చేర్చాయి. డింభకం అడ్డంగా ప్రవాహానికి ఎదురీదలేదు. కాని పైకీ క్రిందికీ కదలగలదు. పైపొర ఒక దిక్కుకు, అడుగుపొర మరొక దిక్కుకు ప్రవహిస్తున్నప్పుడు లోతును మార్చుకొనే డింభకం తీరానికి దగ్గరలోనే నిలువగలదు. కాబట్టి అది కేవలం గాలికి పోయే దూదిపింజ కాదు.

మరొక ఆటంకం శత్రువులు. గేన్స్, రఫ్‌గార్డెన్‌లే 1987లో ప్రకటించిన వ్యాసం ప్రకారం, తీరానికి కొంత ఎదురుగా పెరిగే కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు వనాలలో చిన్న చేపలు దండిగా ఉన్నప్పుడు, వాటిని దాటి రాతిని చేరే బార్నకిల్ డింభకాలు, చేపలు లేనప్పటి సంఖ్యలో 50వ వంతుకు కూడా పడిపోగలవు. రాతిమీది జనాభాకు కారణం రాతిమీద వెతికేవానికి ఈ సంగతి ఎన్నటికీ దొరకదు.

రెండు మాటల సమన్వయం

కానెల్ తప్పు చెప్పాడా? లేదు. అతడు పరిశీలించిన స్కాట్లండు తీరంలో డింభకాలు దట్టంగా స్థిరపడతాయి. అక్కడ చోటే కరువు. కాబట్టి పోటీయే నిర్ణేత. కాలిఫోర్నియాలోని కొన్ని తీరాలలో చోటు కావలసినంత ఉన్నది; డింభకాలే కరువు. కాబట్టి అక్కడ డింభకాల రాకయే నిర్ణేత. సూత్రం ఒక్కటే: ఏది కొరతగా ఉన్నదో అదే సంఖ్యను నిర్ణయిస్తుంది. విత్తనం పుష్కలంగా ఉంటే పొలం వైశాల్యం పంటను నిర్ణయిస్తుంది. పొలం విశాలంగా ఉండి విత్తనం చాలకపోతే విత్తనమే పంటను నిర్ణయిస్తుంది. ఈ సూత్రం తెలియకముందు ఇద్దరు పరిశోధకులు రెండు తీరాలలో ఒకే ప్రయోగం చేసి, భిన్నమైన ఫలితాలు పొంది, ఒకరినొకరు శంకించుకొనే అవకాశముండేది.

ఈ సూత్రం బార్నకిళ్ళకు మాత్రమే పరిమితం కాదు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో పగడాలను తినివేసే ముళ్ళకిరీటపు సముద్ర నక్షత్రాలు 1962నుండి పలుమార్లు ఉప్పెనవలె విజృంభించాయి. ఒక్క ఆడజీవి ఒక ఋతువులో కోట్ల గుడ్లు విడువగలదు. పసిఫిక్ దీవులలో ఇట్టి విజృంభణలు అనావృష్టి తరువాత కురిసిన భారీ వర్షాలకు సుమారు మూడేళ్ళ పిమ్మట కనిపించాయని చార్లెస్ బర్కిలాండ్ 1982లో చూపాడు. వాన నీటితో కొట్టుకొనివచ్చిన పోషకాలవల్ల ప్లవకాలు పెరిగి, డింభకాలు ఎక్కువగా బ్రతికి, మూడేళ్ళకు పెద్దవై కనిపించాయని అతని వాదం. శత్రుజీవులు తగ్గటం వంటి ఇతర కారణాలను కూడా శాస్త్రజ్ఞులు చెపుతున్నారు. ఏమైనా, లక్షల్లో ఒకటికి బదులు రెండు డింభకాలు బ్రతికితే చాలు, పెద్దల సంఖ్య రెట్టింపవుతుంది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ అమెరికాలోని ఒరెగాన్ తీరంలోనిది. 2007 ప్రాంతంలో అక్కడి ఒక ఆల్చిప్ప పిల్లల ఉత్పత్తి కేంద్రంలో డింభకాలు కుప్పలుగా చనిపోయాయి. కార్బన్ డయాక్సైడ్ అధికంగా కరిగిన సముద్రజలంలో అవి మొదటి గుల్లను కట్టుకోలేకపోయాయని 2012లో ప్రకటితమైన పరిశోధన తెలిపింది. పెద్ద ఆల్చిప్పలు భరించగలిగిన నీటినే పుట్టిన ఒకటి రెండు రోజుల పిల్లలు భరించలేకపోయాయి. సముద్రం వేడెక్కటంవల్ల డింభక దశ నిడివి తగ్గుతుంది. దానితో అవి వ్యాపించే దూరం కూడా తగ్గుతుంది. నేటి వాతావరణపు మార్పులు ప్రౌఢజీవులకంటే ముందు డింభకాలను తాకవచ్చునని దీనివల్ల మనము గ్రహించాలి.

మన తీరం – మన కర్తవ్యం

మన తూర్పు తీరానికి కూడా ఈ విషయం దూరమైనది కాదు. విశాఖపట్టణపు రేవులో ఓడలకు, స్తంభాలకు అంటుకొనే జీవులపై ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య పి. ఎన్. గణపతి, వారి సహచరులు 1950 దశకంలోనే పరిశోధనలు ప్రకటించారు. అక్కడి బార్నకిళ్ళలో బలానస్ యాంఫిట్రైట్ అనే జాతి ముఖ్యమైనది. మన తీరపు ప్రవాహం సంవత్సరం పొడుగునా ఒకే దిక్కుకు సాగదు. ఫిబ్రవరినుండి మే వరకు అది సాధారణంగా ఉత్తర దిశగా, అక్టోబరునుండి డిసెంబరు వరకు దక్షిణ దిశగా ప్రవహిస్తుంది. ఒకే చోట పుట్టిన డింభకాలు వేసవిలో ఒక దారిని, వానల తరువాత మరొక దారిని పట్టవలసి వస్తుంది. వర్షాకాలం తరువాత నదుల నీరు చేరి తీరపు నీటిలో ఉప్పదనం తగ్గటం వాటికి మరొక పరీక్ష.

మన టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. నాప్లియస్, జోయియా, మైసిస్ అనే దశలు సముద్రంలో గడచిన తరువాత, పిల్లలు ఉప్పుటేరులలోకి, మడ అడవుల మధ్య నీటిలోకి చేరి పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతాయి. కోరింగ మడ అడవులు ఇట్టి పెంపక స్థలాలలో ఒకటి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు యంత్రపు పడవల వేటను నిషేధించటం గుడ్లు పెట్టే పెద్దజీవులకు రక్షణ. ఇది అవసరమే, కాని ఇది సగం పని. గుడ్లు పెట్టిన తల్లి బ్రతికినా, పిల్ల చేరవలసిన మడ అడవి నరికివేయబడితే, ఉప్పుటేరు మురికితో నిండితే, ఆ రక్షణ వ్యర్థమవుతుంది. పెద్దలను మాత్రమే కాపాడి పిల్లల దారిని మూసివేసే విధానం వేరుకు నీరు పోసి, మొగ్గలను త్రుంచినట్లే.

విద్యార్థులకు మా సూచన ఒకటున్నది. జంతుశాస్త్ర విభాగపు విజ్ఞాన యాత్రలలో తీరానికి వెళ్ళినప్పుడు గవ్వలు ఏరుకొని రావటంతో తృప్తిపడరాదు. పలుచని గుడ్డతో చేసిన ఒక వల, ఒక సామాన్యమైన సూక్ష్మదర్శిని ఉంటే చాలు, థాంప్సన్ చూసిన లోకాన్ని మనము కూడా చూడవచ్చు. తీరంలో బంధువులు ఉన్నవారు అనుమతి పొంది, రేవులో ఒక నల్లని పలకరాతిని త్రాటితో నీటిలో వ్రేలాడదీసి, వారానికి ఒకసారి తీసి, దానిపై కొత్తగా చేరిన బార్నకిళ్ళను లెక్కించవచ్చు. నెలవారీగా ఆ సంఖ్యలను గ్రాఫు గీస్తే డింభకాలు ఏ మాసంలో వచ్చాయో, ఏ మాసంలో రాలేదో కనిపిస్తుంది. కళాశాల పాలక సంఘం వారు ఇట్టి యాత్రలకు, పరికరాలకు చేయూతనిస్తే, ఖర్చుకు మించిన ఫలితం విద్యార్థులకు దక్కుతుందని మా విశ్వాసం.

సముద్రపు ఒడ్డున రాతిమీద మనకు కనిపించే సంఖ్య ఒక పెద్ద లెక్కలోని చివరి పంక్తి మాత్రమే. పై పంక్తులన్నీ నీటిలో, మన కంటికి ఆనని ప్రాణులతో వ్రాయబడి ఉన్నవి. చివరి పంక్తిని దిద్దదలచినవారు ముందుగా పై పంక్తులను చదువ నేర్వాలి.